తక్కెడలో తూగిన కేకు

ఫ్రెంచివారనగానే మన తెలుగువారికి యానాం గుర్తుకొస్తుంది. 1954 దాకా అది వారి పాలనలోనే ఉండేది కదా! అయితే నేను చెప్పబోయే ఫ్రెంచి కేకు యానాంలోది కాదు. కిందటి వేసవి సెలవుల్లో పావగడలోని మా ఇంట్లో తయారైంది. బి.కాం. చదివి బ్యాంకులో పద్దులు చూసుకునే నాకు వంటింటి గొడవ ఎందుకంటారా? ఈ కేకులో ఉన్నదంతా లెక్కే.

పావగడ కర్ణాటకలోని తుమకూరు జిల్లా తాలూకా. దాదాపు చుట్టూ ఆంధ్రప్రదేశ్ గ్రామాలే. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు కూడా మేము మైసూరు వైపే ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, బడిలో, ఆఫీసులో కన్నడం. మా అమ్మకు ఎనభై దాటాయి. కన్నడం అర్థమవుతుంది గాని నోరు తిరగదు. బెంగళూరులో పెరుగుతున్న మా మనవరాలికి ఎనిమిదేళ్లు. దానికి తెలుగు అర్థమవుతుంది గాని నోరు తిరగదు. ఇక ఇద్దరికీ మాటలెక్కడ? ఒకరినొకరు చూసి నవ్వుకోవడమే.

ఆ సెలవుల్లో పాప కేకు చేసిపెట్టమంది. వాళ్లమ్మ సులువైనదొకటి రాసి పంపింది. పేరు 'కత్ర్ కార్'. ఫ్రెంచిలో 'నాలుగు పావులు' అని అర్థం. ఫ్రాన్సు వాయవ్య మూలన ఉన్న బ్రిటనీ సీమ ఇంటి వంట. అక్కడ వెన్నకు, అందులోనూ ఉప్పు కలిపిన వెన్నకు పెద్ద పేరు. గుడ్లు, వెన్న, చక్కెర, మైదా సమానంగా పడాలి. ఇంగ్లీషువారి పౌండ్ కేకుదీ ఇదే లెక్క. ఒక్కొక్కటి ఒక పౌను, అంటే 454 గ్రాములు.

సమానమే కదా అని నేను గ్లాసుతో కొలిచాను. కేకు నడుమ కుంగింది, అడుగున వెన్న కారింది, నోట పెడితే తీపి మొహం మొత్తింది. పాప మొహం చిన్నబోయింది. అమ్మ ఆ ముక్క వేలితో నొక్కి చూసి అడిగింది:

"కొలిసినావా, తూకమేసినావా?"

"కొలిచానమ్మా."

"బ్యాంకులో ఇట్లే చేస్తావేమప్పా?"

ఆమె మాట నిజం. ఒకే గ్లాసులో మైదా 100 గ్రాములు పడితే చక్కెర 160 గ్రాముల దాకా పడుతుంది.

అమ్మ నడవాలోకి వెళ్లి పాత తక్కెడ తెచ్చింది. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామని వారం కిందటే నేను పక్కన పెట్టించింది అది. ఒకప్పుడు అమ్మ ఆ తక్కెడతోనే వెన్న తూచి అమ్మేది. నా బి.కాం. ఫీజులో సగం దానిలో తూగిందే. ఆ సంగతి మరిచిపోయి దాన్ని ఇనుము కింద లెక్కగట్టినందుకు సిగ్గేసింది.

"రాళ్లేవీ?" అన్నాను. "రాళ్లెందుకురా? గుడ్లే రాళ్లు" అంది అమ్మ. గుడ్డును కోసి సరిచేయలేము. మిగతా మూడూ సరిచేయవచ్చు. అందుకే ముందు గుడ్లు. ఒక పళ్లెంలో మూడు గుడ్లు పెంకులతోనే పెట్టి, రెండో దానిలో ఒకదాని తర్వాత ఒకటిగా మిగతావి తూచాం. అమ్మ చేయి వణుకుతుంటే పాప పట్టుకుంది.

"తక్కడి!" అంది పాప కన్నడంలో.

"తక్కెడ" అంది అమ్మ.

అక్కడ మొదలైంది. బెణ్ణె అంటే వెన్న, సక్కరె అంటే చక్కెర, హిట్టు అంటే పిండి, మొట్టె అంటే గుడ్డు. ముల్లు నడిమికి వచ్చి నిలిచినప్పుడల్లా ఒక మాట. డెబిట్టూ క్రెడిట్టూ సరిపోయినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

మీరూ చేసి చూడండి. ఇంటి వెన్నయితే చన్నీళ్లలో కడిగి, మజ్జిగ నీరంతా పిండేశాకే తూచాలి. మెత్తని వెన్నను చక్కెరతో తెల్లబడేదాకా గిలకొట్టి, పచ్చసొనలు ఒక్కొక్కటిగా కలపాలి. తర్వాత జల్లించిన మైదా, చిటికెడు ఉప్పు. తెల్లసొనను వేరే గిన్నెలో నురుగు నిలబడేదాకా చిలికి, చివర్లో మెల్లగా కలపాలి. సోడా, బేకింగ్ పౌడరు అక్కర్లేదు. ఆ నురుగులోని గాలే కేకును పొంగిస్తుంది. తెల్లసొనలో పచ్చసొన చుక్క పడినా నురుగు సరిగా రాదు.

మాకు ఓవెన్ లేదు. దళసరి గిన్నెలో రెండు వేళ్ల మందాన ఇసుక పోసి, మూతపెట్టి పది నిమిషాలు కాచాం. వెన్న రాసిన గిన్నెలో పిండి సగానికి కాస్త పైదాకా పోసి, ఇసుక మీద పెట్టి, సన్నని సెగన 50 నిమిషాలు ఉంచాం. మొదటి అరగంట మూత తీయకూడదు. సన్న పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి. ఓవెన్ ఉన్నవారికి 180 డిగ్రీల వేడిలో ముప్పావు గంట చాలు.

ఈసారి కేకు కుంగలేదు. అమ్మ చిన్న ముక్క తిని, "బాగుంది, బెల్లమయితే ఇంకా బాగుండు" అంది.

సెలవులై పాప బెంగళూరు వెళ్లిపోయింది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోను చేసి నన్ను పలకరించి ఊరుకోదు, పెద్దవ్వకు ఇమ్మంటుంది. మొదటి ఆదివారం అది తెలుగులో కూడబలుక్కుని అన్న మాట ఇదీ: "పెద్దవ్వా, తక్కెడ ఎవరికీ ఇయ్యొద్దు."