వెనక్కి తొక్కినా ఊడని పళ్ల చక్రం

పల్లంలో సైకిల్ దిగుతుంటే కాళ్లు కదపకపోయినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. వెనక నుంచి టిక్ టిక్‌మని వినిపించే చప్పుడు ఫ్రీవీల్ లోపలిది. అందులో స్ప్రింగులు పైకి నెట్టే చిన్న ఉక్కు నాలుకలుంటాయి. ముందుకు తొక్కితే అవి లోపలి పళ్లను పట్టుకుని చక్రాన్ని లాక్కెళతాయి, ఆపితే పళ్ల మీదుగా జారిపోతాయి. ఫిక్స్‌డ్ గేర్ సైకిల్లో ఈ ఏర్పాటు ఉండదు. వెనక పళ్ల చక్రం నేరుగా హబ్బుకు బిగిసి ఉంటుంది కాబట్టి, చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరగాల్సిందే. కాళ్లతో ఎదురొత్తితే బండి నెమ్మదిస్తుంది.

1885లో ఇంగ్లండ్‌లో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సేఫ్టీ సైకిల్ ఇలాంటిదే. ఫ్రీవీల్ వాడకం పెరిగింది ఆ శతాబ్దం ముగిసే వేళకు. వెలోడ్రోమ్ పందేల్లో మాత్రం నేటికీ ఫిక్స్‌డ్ గేరే, బ్రేకులూ ఉండవు. హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్‌లో పోటీపడేవారు తొక్కేది ఇవే.

మామూలు సైకిల్‌ను ఇలా మార్చడం తేలికనిపిస్తుంది. ఫ్రీవీల్ ఊడదీసిన చోటే ఈ పందెపు (ట్రాక్) సైకిల్ పళ్ల చక్రం చక్కగా ఎక్కుతుంది. రెండింటి మర కొలతా ఒకటే: వ్యాసం 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. కానీ ఎక్కడం వేరు, నిలవడం వేరు.

తొక్కుడే బిగింపు

ఫ్రీవీల్ మర కుడివాటం. తొక్కే కొద్దీ బిగుస్తుంది. 70 కిలోల మనిషి 17 సెంటీమీటర్ల క్రాంకు మీద బరువంతా మోపి నిలబడితే పుట్టే టార్క్ సుమారు 117 న్యూటన్ మీటర్లు. ముందు 46, వెనక 16 పళ్లుంటే అందులో 40 దాకా వెనక మర మీద పడుతుంది. ఏళ్ల తరబడి ఇలా బిగిసిన ఫ్రీవీల్ చేతి స్పానర్‌కు లొంగదు. అందుకే మెకానిక్ దాని గాళ్లలో ఇమిడే టూల్‌ను బెంచీ వైస్‌లో బిగించి, చక్రాన్ని దానిమీద పడుకోబెట్టి, రిమ్మును రెండు చేతులా పట్టుకుని స్టీరింగులా ఎడమకు తిప్పుతాడు. అంత వెడల్పు రిమ్మే అతనికి పిడి.

వెనక్కి తొక్కితే ఫ్రీవీల్ ఉత్తినే తిరుగుతుంది కాబట్టి మర వదలదు. ఫిక్స్‌డ్ పళ్ల చక్రానికి ఆ వెసులుబాటు లేదు. ఎదురొత్తిన ప్రతిసారీ చైను దాన్ని మర విప్పే వైపే లాగుతుంది.

ఎదురు మర

దీనికి ట్రాక్ హబ్బులో విరుగుడు ఉంది. పళ్ల చక్రం ఎక్కే మరకు వెలుపల, కాస్త చిన్న వ్యాసంతో ఇంకో మెట్టు ఉంటుంది. దాని మర ఎడమవాటం, సైకిల్ ఎడమ పెడల్ మర లాగే. అక్కడ లాక్‌రింగ్ బిగిస్తారు. పళ్ల చక్రం ఊడబోతూ లాక్‌రింగ్‌ను తనతోపాటు తిప్పుతుంది. ఆ తిప్పుడు లాక్‌రింగ్‌కు బిగింపు అవుతుంది. విప్పబోయిన బలమే ఆపేస్తుంది.

మామూలు హబ్బుకు ఈ రెండో మెట్టు లేదు. కొలత కలుస్తుంది కదా అని కొందరు పెడళ్ల ఇరుసు దగ్గర వాడే (బాటమ్ బ్రాకెట్) లాక్‌రింగ్‌ను అదే కుడి మర మీద ఎక్కించి, మర జిగురు పూస్తారు. అప్పుడు రెండూ ఒకే వైపు విప్పుకుంటాయి. కాపాడేది బిగింపు, జిగురు మాత్రమే. పల్లంలో అది వదిలితే కాళ్లకు బండి మీద పట్టు పోతుంది.

కాబట్టి సరైన దారి పాత రిమ్ముకు ట్రాక్ హబ్బు పెట్టి పుల్లలు అల్లించుకోవడం. ఇరుసు వాషర్లు సర్ది, వెనక పళ్ల చక్రాన్ని ముందు చైన్‌వీల్‌కు తిన్నగా తేవాలి. చైను మధ్యలో వేలితో కదిపితే ఒక సెంటీమీటరు ఆడాలి. చక్రాన్ని వెనక్కి జరిపి ఆ బిగువు తెచ్చుకోవాలంటే ఫ్రేములో ఇరుసు కూర్చునే గాడి అడ్డంగా ఉండాలి.

ముందు బ్రేకు మాత్రం తీయకూడదు. 46–16 పళ్లతో పెడల్ ఒక చుట్టుకు బండి సుమారు ఆరు మీటర్లు పోతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కాళ్లు నిమిషానికి 138 చుట్లు తిరగాలి, ఆ వేగంలో ఎదురొత్తడం కష్టం. పైగా ఆగేటప్పుడు బరువు ముందు చక్రం మీదికి వాలి, వెనక చక్రం జారుతుంది. వెనక చక్రంతోనే ఆపితే, ముందు బ్రేకుతో పోలిస్తే దాదాపు రెట్టింపు దూరం పడుతుంది. బ్రిటన్ చట్టం ఫిక్స్‌డ్ చక్రాన్ని ఒక బ్రేకుగా ఒప్పుకున్నా, ముందు చక్రానికి వేరే బ్రేకు ఉండాలంటుంది.

ఈ సైకిల్ కాళ్లకు నేర్పే నిలకడ మరే సైకిలూ నేర్పదు. ఆ ఆనందం కావాలనుకునేవారు పళ్ల చక్రం కొనేముందు హబ్బును చూడండి. రెండో మెట్టు కనిపించకపోతే హబ్బే మార్చండి.