న్యాయవాదులపై ఫిర్యాదులు: బార్ కౌన్సిల్ నిర్ణయాలపై న్యాయస్థానాల పరిశీలన

ఉపోద్ఘాతం

వకాలతు మీద సంతకం చేసిన నాటినుంచి కక్షిదారుని ఆస్తి, స్వేచ్ఛ, పరువు మరొకరి విజ్ఞత మీద ఆధారపడి ఉంటాయి. ఆ నమ్మకం వమ్మైనప్పుడు క్రమశిక్షణ చర్య కోరుతూ అతడు ఆశ్రయించవలసింది న్యాయస్థానాన్ని కాదు, న్యాయవాదులే ఎన్నుకున్న బార్ కౌన్సిల్‌ను. సాటి న్యాయవాదులు ఇచ్చిన నిర్ణయం సరికాదనిపిస్తే దానిని ఎవరు, ఏ మేరకు పరిశీలిస్తారన్నది ఈ వ్యాసంలో చర్చనీయాంశం.

చట్ట నేపథ్యం

1926 నాటి భారతీయ బార్ కౌన్సిళ్ళ చట్టం ప్రకారం న్యాయవాదిని శిక్షించే అధికారం హైకోర్టుదే. 1961 నాటి న్యాయవాదుల చట్టం ఆ అధికారాన్ని వృత్తి సంస్థకే అప్పగించింది. 35వ సెక్షను ప్రకారం, న్యాయవాది దుష్ప్రవర్తనకు పాల్పడ్డాడని నమ్మడానికి కారణం ఉన్నప్పుడు రాష్ట్ర బార్ కౌన్సిల్ ఆ విషయాన్ని ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ సంఘానికి పంపుతుంది. సంఘం ఫిర్యాదును కొట్టివేయవచ్చు, న్యాయవాదిని మందలించవచ్చు, కొంతకాలం వృత్తినుంచి సస్పెండ్ చేయవచ్చు, లేదా అతని పేరును న్యాయవాదుల పట్టీనుంచి తొలగించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బార్ కౌన్సిళ్ళకూ వర్తించే పద్ధతి ఇదే.

‘సమీక్ష’ అనే మాటకు మూడర్థాలు

తెలుగులో ‘సమీక్ష’ అనే ఒక్క మాట ఇక్కడ మూడు వేర్వేరు ప్రక్రియలను సూచించగలదు. వాటిని విడదీసి చూడకపోతే ఫిర్యాది తప్పుడు తలుపు తట్టే ప్రమాదం ఉంది.

మొదటిది పునస్సమీక్ష. ఉత్తర్వు ఇచ్చిన క్రమశిక్షణ సంఘమే 44వ సెక్షను కింద దానిని అరవై రోజుల్లోగా మళ్ళీ పరిశీలించవచ్చు. రాష్ట్ర సంఘం ఇలా ఇచ్చిన ఉత్తర్వు చెల్లాలంటే భారత బార్ కౌన్సిల్ ఆమోదం తప్పనిసరి.

రెండవది అప్పీలు. రాష్ట్ర సంఘం ఉత్తర్వుపై భారత బార్ కౌన్సిల్‌కు (37వ సెక్షను), అక్కడి ఉత్తర్వుపై సుప్రీంకోర్టుకు (38వ సెక్షను) వెళ్ళవచ్చు. రెండింటికీ గడువు అరవై రోజులు. శిక్షను మార్చే అధికారం కూడా సుప్రీంకోర్టుకు ఉంది. అయితే అప్పీలుదారునికి నష్టం కలిగేలా మార్చేముందు అతని వాదన వినాలి.

మూడవది న్యాయసమీక్ష. ఫిర్యాదును సంఘానికి పంపకుండానే రాష్ట్ర బార్ కౌన్సిల్ ముగిస్తే, క్రమశిక్షణ సంఘపు ఉత్తర్వే లేదు కనుక 37వ సెక్షను అప్పీలుకు తావుండదు. అప్పుడు 48ఎ సెక్షను కింద భారత బార్ కౌన్సిల్‌ను రివిజన్ కోరవచ్చు. రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హైకోర్టుకు ఉన్న రిట్ అధికారం దీనికి వేరు. రిట్ విచారణలో న్యాయస్థానం ప్రధానంగా నిర్ణయం తీసుకున్న తీరును చూస్తుంది. సాక్ష్యాలను మళ్ళీ తూచడం దాని పని కాదు.

పరిశీలన లోతు

అప్పీలులో సుప్రీంకోర్టు ఎంత లోతుకు వెళ్ళాలి? 1978 నాటి ఒక తీర్పులో మెజారిటీ న్యాయమూర్తుల తరఫున జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తప్పు చేసిన న్యాయవాది శిక్షలో ఉచిత న్యాయసహాయ సేవను కూడా చేర్చారు. వేరుగా తీర్పు రాసిన జస్టిస్ ఎ.పి. సేన్ మాత్రం, రెండు సంఘాలూ ఏకాభిప్రాయంతో తేల్చిన వాస్తవాలలో సాధారణంగా జోక్యం చేసుకోరాదన్నారు. ఆధారమే లేనప్పుడు, లేదా కేవలం ఊహ మీద నిర్ణయం నిలిచినప్పుడు మాత్రమే అందుకు మినహాయింపు.

2000 నాటి మరొక కేసు ఈ హద్దును స్పష్టం చేస్తుంది. ఫీజు బకాయి ఉందంటూ ఒక న్యాయవాది సహకార బ్యాంకు దస్త్రాలను తిరిగి ఇవ్వలేదు. భారత బార్ కౌన్సిల్ అతణ్ణి పద్దెనిమిది నెలలు సస్పెండ్ చేసి, వెయ్యి రూపాయల జరిమానా విధించింది. ఫీజు కోసం దస్త్రాలను పట్టి ఉంచే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు తేల్చింది. కానీ అంతవరకు ఆ విషయం తిరుగులేని విధంగా తేలలేదు కనుక శిక్షను మందలింపుకు తగ్గించింది. అంటే తప్పును నిర్ధారించడం ఒక పరీక్ష, శిక్ష తగినదా అని చూడడం మరొక పరీక్ష.

ఈ అధికారానికి హద్దు కూడా ఉంది. కోర్టు ధిక్కార విచారణ జరుపుతూ 142వ అధికరణం ఆధారంగా న్యాయవాది లైసెన్సును తానే సస్పెండ్ చేయజాలనని సుప్రీంకోర్టు 1998లో, సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ కేసులో ప్రకటించింది. వృత్తిపరమైన దుష్ప్రవర్తనపై తొలి విచారణ బార్ కౌన్సిల్‌దే.

జాప్యం: దాని మూల్యం

36బి సెక్షను ప్రకారం రాష్ట్ర సంఘం ఏడాదిలోగా ఫిర్యాదును పరిష్కరించాలి. లేకుంటే విచారణ భారత బార్ కౌన్సిల్‌కు బదిలీ అవుతుంది. పైన చెప్పిన దస్త్రాల కేసు అలా వెళ్ళినదే. ఈ బదిలీ పైకి ఫిర్యాదికి రక్షణలా కనిపించినా, దానివల్ల అప్పీలులో ఒక మెట్టు పోతుంది. ఆ తర్వాత ఇరుపక్షాలకూ మిగిలే అప్పీలు సుప్రీంకోర్టులోనే. చిన్న పట్టణంలోని కక్షిదారునికి అది మోయలేని భారం. ఆరోపణ నీడలో వృత్తి సాగించే నిర్దోషి న్యాయవాదికీ అంతే. 2021లో సుప్రీంకోర్టు ఈ గడువును గట్టిగా గుర్తుచేస్తూ, బదిలీ అయిన ఫిర్యాదులను కూడా ఏడాదిలోగా ముగించాలని ఆదేశించింది.

ముగింపు

వృత్తి స్వాతంత్ర్యం, కక్షిదారుని రక్షణ పరస్పర విరుద్ధాలు కావు. 1975లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అప్పీలు చేయగల ‘బాధిత వ్యక్తి’ అనే నిర్వచనంలోకి రాష్ట్ర బార్ కౌన్సిల్ కూడా వస్తుందని తేల్చింది. వృత్తి ప్రతిష్ఠను కాపాడడంలో ప్రజాప్రయోజనం ఉందన్న గుర్తింపు అందులో ఉంది. అయితే పై కోర్టు సరిదిద్దగలిగేది తన ముందున్న ఉత్తర్వునే. కారణాలు రాయని ఉత్తర్వును పరిశీలించడం కష్టం; కాలయాపనలో చెదిరిన సాక్ష్యాన్ని తిరిగి తేవడం అసాధ్యం. అందువల్ల న్యాయస్థాన పరిశీలన ఫలితం చాలావరకు రాష్ట్ర సంఘం తొలి ఏడాదిలో జరిపే విచారణ నాణ్యత మీదే ఆధారపడి ఉంది.