నిల్‌ను ఎక్కడ ఆపాలి?

రూబీ ప్రోగ్రామర్లకు తరచూ ఎదురయ్యే ఎర్రర్ నోమెథడ్ఎర్రర్. నిల్‌కు లేని మెథడ్‌ను పిలిచామని దాని ఫిర్యాదు. ఆ లైనుకు వెళ్లి చూస్తే అక్కడ తప్పేమీ కనిపించదు. ఎందుకని?

రూబీలో నిల్ కూడా ఆబ్జెక్టే. నిల్‌క్లాస్ అనే క్లాసుకు ఉన్న ఆబ్జెక్టు అదొక్కటే. టు_ఎస్ అంటే ఖాళీ స్ట్రింగు, టు_ఐ అంటే సున్నా ఇస్తుంది. హ్యాష్‌లో లేని కీని చదరపు బ్రాకెట్లతో అడిగినా, ఫైండ్‌కు ఏదీ దొరక్కపోయినా మామూలుగా మన చేతికొచ్చేది నిలే. అప్పుడు ఏ హెచ్చరికా ఉండదు. అది వేరియబుల్‌లో చేరి, నాలుగైదు మెథడ్లు దాటి, ఎక్కడో బయటపడుతుంది. పైకప్పు కారిన చోటు వేరు, గోడమీద చెమ్మ కనిపించే చోటు వేరు అన్నట్టు.

మరి &. వాడితే సరిపోదా? 2015 డిసెంబరులో రూబీ 2.3తో వచ్చిన ఈ గుర్తు, ఎడమవైపు నిల్ ఉంటే మెథడ్‌ను పిలవకుండా నిల్‌నే తిరిగిస్తుంది. విలువ లేకపోవడం సహజమైన చోట ఇది చక్కటి సాధనం. మధ్యపేరు అందరికీ ఉండదు కదా. కానీ ఒకచోట &. పెట్టి, తర్వాత మామూలు చుక్క పెడితే ఎర్రర్ మళ్లీ వస్తుంది. దాంతో వరస మొత్తం &. పెట్టేస్తాం. అప్పుడు ఎర్రర్ పోతుంది, కానీ నిల్ ఎక్కడ పుట్టిందో చెప్పే ఆధారమూ పోతుంది. నా దృష్టిలో ఇది ఎర్రర్ కంటే ప్రమాదకరం.

అందుకే హ్యాష్‌లో తప్పనిసరిగా ఉండాల్సిన విలువను ఫెచ్ మెథడ్‌తో అడగండి. కీ లేకపోతే కీఎర్రర్ అక్కడికక్కడే వస్తుంది, కీ పేరుతో సహా. లేకపోయినా ఫరవాలేదనుకుంటే ఫెచ్‌కు బ్లాక్ ఇవ్వండి. కీ లేనప్పుడే అది నడుస్తుంది. ఒక్క మెలిక: కీ ఉండి విలువే నిల్ అయితే ఫెచ్ ఆ నిల్‌నే ఇస్తుంది. బయటినుంచి వచ్చే జేసన్‌లో ఇది మామూలే, కాబట్టి లోపలికి రానిచ్చేటప్పుడే పరీక్షించాలి.

నిల్ బదులు డిఫాల్ట్ ఇవ్వడానికి వాడే || తో జాగ్రత్త. రూబీకి సున్నా, ఖాళీ స్ట్రింగు కూడా నిజాలే. కానివి నిల్, ఫాల్స్ రెండే. ఈమెయిళ్లు వద్దని యూజర్ పెట్టుకున్న ఫాల్స్‌ను ||= ట్రూ అనే డిఫాల్ట్ చెరిపేస్తుంది. అలాగే, డేటాబేస్‌లో వెతికిన ఫలితాన్ని ఇన్‌స్టాన్స్ వేరియబుల్‌లో ||= తో దాచుకుంటే, ఫలితం నిల్ అయిన ప్రతిసారీ ఆ వెతుకులాట మళ్లీ జరుగుతుంది. అక్కడ ఆ వేరియబుల్ ముందే ఏర్పడిందా అని డిఫైన్డ్? తో చూడాలి; ఏర్పడి ఉంటే, అందులో ఉన్నది నిల్ అయినా సరే, దాన్నే తిరిగివ్వాలి.