ఫైళ్ల లెక్క, మనుషుల లెక్క: కోర్టు పనిని ఎట్లా కొలవాలి?

కోర్టు బాగా పనిచేస్తోందా లేదా అన్నది ఎట్లా తెలుస్తుంది? మామూలుగా వచ్చే జవాబు ఒకటే. ఇన్ని కేసులు వచ్చాయి, ఇన్ని తేలాయి, ఇన్ని పెండింగులో ఉన్నాయి. మన ఇళ్లల్లో లెక్క వేరు. కోర్టుకు పోవడమంటే ఒక రోజు కూలి పోగొట్టుకోవడం, బస్సు చార్జీలు పెట్టుకోవడం, పొద్దుగూకేదాకా వరండాలో నిలబడటం, చివరికి 'వాయిదా పడింది, పో' అనిపించుకోవడం. ఈ లెక్క రిపోర్టుల్లోకి ఎందుకు ఎక్కదు? అమెరికా రాష్ట్రాల కోర్టుల అనుభవం ఇక్కడ మనకు కొంత పనికొస్తుంది.

అక్కడ ఫెడరల్ కోర్టులు వేరు, రాష్ట్రాల కోర్టులు వేరు. దొంగతనాలు, విడాకులు, ఇంటి అద్దె తగాదాలు, ట్రాఫిక్ జరిమానాలు చాలావరకు రాష్ట్రాల కోర్టుల్లోనే నడుస్తాయి. వీటి పనితీరుకు 1990లో ప్రమాణాలు రాశారు: 5 విభాగాలు, 22 ప్రమాణాలు, 68 కొలతలు. 2005లో నేషనల్ సెంటర్ ఫర్ స్టేట్ కోర్ట్స్ అనే సంస్థ 'కోర్‌టూల్స్' పేరుతో 10 కొలతల చిన్న పట్టిక ఇచ్చింది.

ఇందులో కొన్ని ఫైళ్ల లెక్కలే. ఏడాదిలో 100 కేసులు వచ్చి 90 తేలితే పరిష్కారం 90 శాతం అంటారు. కేసు తేలడానికి ఎంత కాలం పట్టింది, పెండింగు కేసుల వయసెంత, విచారణ తేదీ ఎన్నిసార్లు మారింది అన్నవి కూడా కొలుస్తారు. ఇవి అవసరమే. అయితే కేసు ఎట్లా తేలిందన్నది ఈ లెక్కకు పట్టదు. సాక్షులు బెదిరిపోయి కేసు కొట్టేసినా 'తేలిన కేసే', విచారణ సక్రమంగా జరిగి తీర్పు వచ్చినా 'తేలిన కేసే'.

పట్టికలో మొదటి కొలత మాత్రం మనుషులది. ఒక మామూలు పనిరోజున కోర్టు నుంచి బయటికి వచ్చేవాళ్లను అడుగుతారు. కోర్టును వెతుక్కోవడం తేలికైందా? ఫారాలు అర్థమయ్యాయా? మర్యాదగా మాట్లాడారా? జడ్జి మీ మాట విన్నాడా? అందరినీ చూసినట్టే మిమ్మల్నీ చూశారా? ఇకముందు ఏం చేయాలో తెలుసా? దీంతోపాటు జవాబిచ్చే మనిషి జాతి ఏదో కూడా రాసుకుంటారు. కాబట్టి తెల్లవాళ్లు ఏమన్నారు, నల్లవాళ్లు ఏమన్నారు అని విడగొట్టి చూడొచ్చు. యూటా, మిన్నెసోటా వంటి రాష్ట్రాల కోర్టులు ఇట్లాంటి సర్వేలు చేసి ఫలితాలు బయటపెట్టాయి.

అంతమాత్రాన అక్కడ అంతా బాగుందని కాదు. కోర్టు గడప దాకా రాలేనివాళ్లు ఈ సర్వేలో ఉండనే ఉండరు. 2005 నాటి పట్టికలో జరిమానాల వసూలు కూడా ఒక కొలతే. మిస్సోరి రాష్ట్రంలోని ఫెర్గూసన్ పట్నం మీద అమెరికా న్యాయశాఖ 2015 మార్చిలో నివేదిక ఇచ్చింది. అక్కడి మునిసిపల్ కోర్టు న్యాయం కంటే పట్నం ఖజానా నింపడానికే ఎక్కువ పనిచేసిందని అందులో తేల్చింది. జనాభాలో నల్లవాళ్లు సుమారు 67 శాతం, పోలీసులు ఇచ్చిన జరిమానా నోటీసుల్లో 90 శాతం వాళ్లకే. వసూలు ఒక్కటే చూసేవాడికి అది చురుకైన కోర్టు! జాతివారీగా విడగొట్టి చూసినప్పుడే అసలు సంగతి బయటపడింది.

ఇక మన దగ్గరికి వద్దాం. 2015 నుంచి నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్ కేసుల లెక్కలు ప్రజల ముందు పెడుతోంది. కేసులు ఎన్నేళ్లుగా పెండింగులో ఉన్నాయో అందులో చూడొచ్చు. ఆడవాళ్లు, ముసలివాళ్లు వేసిన కేసులను విడిగా చూపించారు. కులం గడి మాత్రం లేదు. అట్రాసిటీ కేసుల్లో ఎన్నింటిలో శిక్ష పడిందో, ఎన్ని కొట్టేశారో నేర గణాంకాల సంస్థ ఏటా ఇస్తుంది. అదీ ఫైళ్ల లెక్కే. బాధితులను కోర్టు ఎట్లా చూసిందన్నది అందులో ఉండదు.

కొలవడానికి గజం బద్ద మనకు లేకపోలేదు, చట్టంలోనే ఉంది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన అట్రాసిటీ చట్ట సవరణ ప్రకారం చార్జిషీటు వేసిన రెండు నెలల్లో, వీలైనంతవరకు, విచారణ ముగించాలి. 15ఎ సెక్షన్ ప్రకారం బెయిలుతో సహా కోర్టులో జరిగే ప్రతి విషయాన్నీ బాధితులకు సకాలంలో తెలియజేయాలి, వాళ్ల మాట వినాలి. బాధితులకు, సాక్షులకు రక్షణ, ప్రయాణ ఖర్చులు ఇవ్వాలి.

వీటినే ప్రశ్నలుగా మార్చుకుందాం. బెయిలు సంగతి మీకు ముందే చెప్పారా? మీ మాట విన్నారా? దారి ఖర్చులు ఇచ్చారా? ఎన్ని వాయిదాలకు వచ్చారు, ఎన్ని రోజుల కూలి పోయింది? జిల్లా ప్రత్యేక కోర్టు దగ్గర విద్యార్థులు, కార్యకర్తలు నలుగురు కలిసి ఈ ప్రశ్నలు అడిగి రాసుకోవచ్చు. జవాబిచ్చినవాళ్ల పేర్లు, ఊర్లు మాత్రం బయటపెట్టొద్దు. సాక్షులు తిరిగి పోవాల్సింది ఆ ఊళ్లకే. కోర్టు రాసుకోని ఈ లెక్కను మనం రాయడం మొదలుపెడితే, రేపు కులం గడి ఎందుకు లేదని అడగడానికి మన చేతిలో కాగితం ఉంటుంది.