మీకు తెలుసా? తాబేలు ఊగినా, ఒరిగినా ఓ అర్థముంది

ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్ దగ్గరి కాలీపూర్ తీరానికి చలికాలపు రాత్రుల్లో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటిలో ఆలివ్ రిడ్లే గొయ్యి తవ్వే తీరు దగ్గర్నుంచి చూడాలి. వెనుక తెడ్డు ఒకటి గరిటెలా వంగి ఇసుకను పైకి తోడుతుంది, రెండోది అంచున పడిన ఇసుకను చిమ్మేస్తుంది. మళ్ళీ వంతు మారుతుంది. తల వెనక్కి తిప్పి గొయ్యిని ఒక్కసారీ చూసుకోదు, అంతా స్పర్శతోనే. వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి పూడ్చాక, ఒళ్ళంతా ఎడమకూ కుడికీ ఊపుతూ డిప్పతో ఇసుకను దబదబా బాదుతుంది. మూర్ఛ వచ్చిందేమోనని కంగారు పడక్కర్లేదు, అది గూటిని గట్టిపరుస్తోంది. అప్పుడు కళ్ళ వెంట కారే నీరూ ఏడుపు కాదు. ఒంట్లో ఎక్కువైన ఉప్పును కంటి దగ్గరి గ్రంథులు అలా బయటికి పంపేస్తాయి.

ఇళ్ళలో నీళ్ళతొట్టెల్లో పెంచే రెడ్ ఇయర్డ్ స్లైడర్ అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతపు తాబేలు. అయినా ఆడదానికి గుడ్ల వేళ వచ్చిందంటే అదీ వెనుక కాళ్ళతోనే తవ్వుతుంది. మట్టి ఉండదు కాబట్టి గులకరాళ్ళనూ అద్దాన్నీ గీకుతుంది, మేత మానేస్తుంది, ఒకచోట నిలవదు. మగ తోడు లేకున్నా గుడ్లు పెడుతుంది, కాకపోతే అవి పిల్లలు కావు. పెట్టే చోటు దొరక్కపోతే గుడ్లు కడుపులోనే నిలిచి ప్రాణం మీదికి రావచ్చు. ఆ తపనను ఆట అనుకుని వీడియో తీసి మురిసిపోయేవాళ్ళను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. దానికి కావలసింది ఓ పెట్టెడు తడి ఇసుక, ఎవరూ కదిలించని ఓ మూల.

మగ స్లైడర్ పొడవాటి ముందు గోళ్ళను ఆడదాని ముఖం ముందు గబగబా ఆడిస్తే అది వలపు. దీపం కింద కాళ్ళు నాలుగూ చాపి పడుకుంటే వెచ్చబడుతోందన్న మాట. ఈ రెంటికీ దిగులు వద్దు.

దిగులు పడాల్సింది నీళ్ళలో ఒక పక్కకు ఒరిగి తేలుతున్నప్పుడు. తాబేలు పక్కటెముకలు డిప్పలో కలిసిపోయి ఉంటాయి. మనలా రొమ్ము ఎగరేసి ఊపిరి తీసుకోలేదు, కాళ్ళ మొదళ్ళ దగ్గరి, పొట్టలోని కండరాలే ఆ పని చేస్తాయి. ఊపిరితిత్తులు పైడిప్పకు ఆనుకుని ఉండి, తేలడానికీ అవే ఆధారమవుతాయి. ఒకదానికి న్యుమోనియా సోకితే తాబేలు సమతూకం తప్పి ఒరుగుతుంది. పేగుల్లో గాలి చేరినా అంతే. దానికి తోడు నోరు తెరిచి మెడ చాపడం, ముక్కు వెంట బుడగలు కనిపిస్తే రేపటిదాకా ఆగకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి.

నికోబార్ దీవుల మంచినీటి తావుల్లో పెట్టె తాబేలు ఉంటుంది. దాని అడుగుడిప్పకు మడతబందు లాంటి కీలు ఉంది. బెదిరితే తలా కాళ్ళూ లోపలికి లాక్కుని తలుపులు మూసేసుకుంటుంది. పెంచలేమని స్లైడర్‌ను వాగుల్లో, చెరువుల్లో వదిలేస్తే, ఇలాంటి స్థానిక జాతుల తిండికీ ఎండ కాచుకునే చోటుకూ అది పోటీకొస్తుంది, రోగాలూ అంటించవచ్చు.