భజనలో ఏ పాట ముందు, ఏ పాట వెనుక?

శ్రీరామనవమి దగ్గరపడుతుంటే పల్లెల్లోని భజన మందిరాలకు కళ వస్తుంది. పగలంతా పొలం పనుల్లో ఉన్నవారు రాత్రి భోజనాలయ్యాక హార్మోనియం, డోలక్, తాళాలు ముందేసుకుని కూర్చుంటారు. వీరిలో సంగీతం నేర్చినవారు అరుదు. అయినా పాటల ఎంపికలో వీరికి ఒక పద్ధతి ఉంది.

గొంతు బాగున్న ఒకరికి నచ్చిన పాట కాదు, పదిమందీ అందుకోగల పాట కావాలి. రామదాసు కీర్తనలు ఊరూరా నిలవడానికి ఇదొక కారణం. ఒకరు చరణం పాడితే మిగిలినవారు పల్లవి అందుకుంటారు. త్యాగరాజస్వామి (1767-1847) దివ్యనామ కీర్తనలూ ఇటువంటివే. వాటిలో చాలావరకు చరణాలన్నీ ఒకే వరుసలో సాగుతాయి గనుక చదువు రానివారు కూడా త్వరగా పట్టుకుంటారు.

తరువాత చూడవలసింది శ్రుతి. మగవారికి సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతి సరిపోతే, ఆడవారికి అయిదు, అయిదున్నర అనువుగా ఉంటుంది. ఇద్దరూ కలిసి పాడేచోట పైస్థాయికి పోని పాటను ఎంచుకోకపోతే సగం గొంతులు మూగబోతాయి.

వరుస కూడా ముఖ్యమే. వినాయక స్తుతితో మొదలుపెట్టి, గురువును తలచి, నెమ్మది కీర్తనలు పాడతారు. పొద్దుపోయి జనం కునికిపాట్లు పడే వేళకు నడక పెంచి నామావళి ఎత్తుకుంటారు. చివర మంగళహారతి.

అసలు చిక్కు సినిమా వరుసలతో వస్తోంది. అవి లేనిదే పిల్లలు రారని కుర్రవాళ్లు, వాటితో భక్తి పలచబడుతుందని పెద్దలు వాదిస్తారు. రెంటికీ చోటిచ్చి, మధ్యలో ఒకటి రెండు కొత్త వరుసలు పాడి సర్దుకునే బృందాలూ ఉన్నాయి.

అయితే ఈ సర్దుబాటులో జారిపోతున్నవి పాత పాటలు. పుస్తకంలో మాట మిగులుతుంది గాని వరుస మిగలదు. అది తెలిసిన ముసలివారు పోతే పాట కూడా వారితోనే పోతుంది. ఇప్పుడు ఇంటింటా ఉన్న సెల్‌ఫోన్‌లో ఆ గొంతును పట్టి ఉంచడం కష్టం కాదు. ఈ నవమికి ప్రతి బృందమూ తమ ఊరి పెద్దల దగ్గర ఒక్క పాత పాటైనా నేర్చుకుని పాడితే, ఆ వరుస మరో తరానికి దక్కుతుంది.