ఊళ్లో చిన్న లేతు మిషన్ పెట్టుకుంటున్నారా?

వరి పొట్ట మీద ఉంటుంది. సరిగ్గా అప్పుడే పంపు షాఫ్టు అరిగిపోయి నీళ్లు ఎత్తదు. విప్పి సంచిలో వేసుకుని మండల కేంద్రానికి పరిగెత్తితే, లేతు షాపులో అప్పటికే నాలుగు పంపులు వరుసలో ఉంటాయి. రేపు రా, ఎల్లుండి రా అంటారు. ఈ తిప్పలు పడని రైతు ఉండడు. ఇంట్లో ఐటీఐ చదివిన కుర్రాడుంటే ఊళ్లోనే ఒక చిన్న లేతు పెట్టుకుందామన్న ఆలోచన అక్కడే పుడుతుంది.

ఆలోచన మంచిదే. ఎకరం, రెండెకరాల సేద్యం మీద ఇల్లు గడవని చోట పంపు బుష్షులు, షాఫ్టులు, పుల్లీలు, ట్రాక్టరు పిన్నుల పని కాస్త ఆసరా అవుతుంది. కానీ ఒక్క మాట గుర్తుంచుకోండి. నూర్పిడి మిషన్ చప్పుడుతోనే భయపెడుతుంది, మనం దూరంగా ఉంటాం. లేతు అలా కాదు, మెల్లగా, సాఫీగా తిరుగుతున్నట్టే ఉంటుంది. చొక్కా చెయ్యి పట్టుకుందంటే మాత్రం ఒక హెచ్.పి. మోటారు కూడా మనిషిని వదలదు.

పాతది కొనేటప్పుడు

మన పనులకు నాలుగున్నర అడుగులు, ఆరడుగుల లేతులు సరిపోతాయి. చాలామంది పాతదే కొంటారు. రంగు చూసి మోసపోవద్దు. చక్కులో ఒక గట్టి ఊచ బిగించి పైకి ఎత్తి చూడండి. కదులుతున్నట్టు తెలిస్తే స్పిండిల్ బేరింగులు వదులైనట్టు. బెడ్ మీద చక్కు దగ్గర చేత్తో తడిమితే గుంట పడినట్టు ఉంటుందేమో చూడండి. పని అంతా అక్కడే జరుగుతుంది కాబట్టి ముందు అరిగేది అక్కడే. హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పినప్పుడు ఎంత ఖాళీగా తిరుగుతుందో చూడండి. గేర్ల మీద, బెల్టు మీద మూతలు లేకుండా అమ్మితే, మూత చేయించుకునే ఖర్చు కూడా ధరలో తగ్గించమనండి. మూత లేని గేర్ల మధ్య వేలు పడితే బయటికి రాదు.

దిమ్మె, మట్టం

ఆయిల్ ఇంజనుకు దిమ్మె కట్టిన అనుభవం మీకుంది. దీనికీ అలాంటి కాంక్రీటు దిమ్మె కట్టి, కనీసం వారం పది రోజులు తడిపి, ఆ తర్వాతే బోల్టులు బిగించాలి. తొందరపడి మట్టి నేల మీద నిలబెడితే మిషన్ అదురుతుంది, టూలు విరుగుతుంది.

మట్టం చూడటం ఇంకా ముఖ్యం. మేస్త్రీ దగ్గరుండే రసమట్టం మొదట చూసుకోవడానికి పనికొస్తుంది కానీ చివరికి చాలదు. లేతు బిగించేవాళ్ల దగ్గర సన్నని తేడా చూపే లెవెల్ ఉంటుంది, దాంతో బెడ్‌కు అడ్డంగా రెండు చివరలా చూడాలి. ఒక చివర అటు, ఒక చివర ఇటు ఒరిగితే బెడ్ మెలిపడుతుంది. అప్పుడు మీరు చెక్కిన షాఫ్టు ఒకవైపు లావు, ఒకవైపు సన్నం వస్తుంది, బేరింగు కూర్చోదు.

పరీక్ష సులువు. 30 మి.మీ. లావు ఊచను చక్కు నుంచి 4 అంగుళాలు బయటికి బిగించండి. రెండో చివర ఏ ఆసరా లేకుండా సన్నని పొర తీసి, రెండు చోట్లా మైక్రోమీటరుతో కొలవండి. తేడా 0.02 మి.మీ. లోపు ఉంటే మన పనులకు పరవాలేదు. ఎక్కువుంటే చక్కు లేని వైపు కాళ్ల కింద పల్చటి రేకు ముక్కలు పెట్టి సరిచేసి మళ్లీ కొలవాలి. ఓపిక కావాల్సిన పనే, ఒక పూట పట్టినా పట్టనివ్వండి.

ఆటో స్టార్టర్ వద్దే వద్దు

బావి మోటారు అలవాటు ఇక్కడ ప్రమాదం తెస్తుంది. కరెంటు రాగానే దానంతటదే తిరగాలని మనం మోటారుకు ఆటో స్టార్టర్ పెట్టుకున్నాం. లేతుకు అది ప్రాణం మీదికి తెస్తుంది. కరెంటు పోయింది కదా అని చక్కులో చెయ్యి పెట్టి సర్దుతుంటే, అదే క్షణంలో కరెంటు వస్తే? అందుకే కరెంటు పోతే స్టార్టర్ తనంతట తాను పడిపోయి, మళ్లీ మనం బటన్ నొక్కితేనే తిరిగేలా ఉండాలి. అయినా కరెంటు పోగానే మెయిన్ స్విచ్ ఆపేయడం అలవాటు చేసుకోండి. ఆపే ఎర్ర బటన్ నిలబడ్డ చోటి నుంచి చెయ్యి చాపితే అందాలి, చక్కు మీదుగా వంగి నొక్కేలా ఉండకూడదు. ఎర్తు గుంత విడిగా తీయించండి. వ్యవసాయ కనెక్షన్ మీద లేతు నడపడం కుదరదు, వేరే సర్వీసుకు దరఖాస్తు చేసుకోవాల్సిందే.

చక్ కీ

లేతు షాపులో ఎవర్ని అడిగినా మొదట చెప్పేది దీని గురించే. చక్కు బిగించే తాళాన్ని అందులోనే వదిలేసి స్విచ్ వేస్తే, అది తుపాకీ గుండులా ఎగిరొచ్చి ముఖానికో గుండెకో తగులుతుంది. తాళం చేతిలో ఉన్నంతసేపు చక్కులో ఉండొచ్చు, చెయ్యి వదిలితే బయట ఉండాలి. ఇంతకంటే నియమం లేదు. స్విచ్ వేసే ముందు చక్కును చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి, దవడలు ఎక్కడైనా తగిలితే అప్పుడే తెలుస్తుంది. కొన్ని చిన్న లేతులకు చక్కు మరలతోనే బిగించి ఉంటుంది. త్వరగా ఆగాలని వాటిని ఉల్టా తిప్పితే చక్కు ఊడి దొర్లుతుంది.

ఊచ చక్కు బయటికి దాని లావుకు మూడు నాలుగు రెట్లు మించితే రెండో చివర సెంటర్ ఆసరా ఇవ్వాలి. వెనకవైపు స్పిండిల్‌లోంచి పొడవాటి ఊచ బయటికి వేలాడుతుంటే అది ఉన్నట్టుండి వంగి కొరడాలా కొడుతుంది. దాన్ని ముందే కోసుకోండి.

వేగం ఎంత?

మామూలు ఇనుముకు హెచ్.ఎస్.ఎస్. టూలుతో లెక్క ఇది: 8000ని ఊచ వ్యాసంతో (మి.మీ.) భాగించండి. వచ్చిందే నిమిషానికి చుట్లు. 20 మి.మీ. షాఫ్టుకు 400, 40 మి.మీ.కు 200, 100 మి.మీ. పుల్లీకి 80. పోత ఇనుమైతే ఇంకొంచెం తగ్గించాలి. లావు పెరిగేకొద్దీ వేగం తగ్గాలన్నది కొత్తవాళ్లు మరిచిపోతారు. టూలు మొన సెంటర్ మొనకు సరిగ్గా ఎదురుగా ఉండాలి, పోస్టు బయటికి ఎంత తక్కువ చాస్తే అంత మంచిది.

ఒంటి మీద ఏముంది?

లుంగీ, మెడలో కండువా, మణికట్టుకు తాడు, కడియం, ఉంగరం, వాచీ ఏవీ ఉండకూడదు. పొట్టి చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు వేసుకోండి. ఆడవాళ్లు దగ్గరికొస్తే కొంగు, జడ ముడి వేసుకోవాలి. చేతి తొడుగులు మంచివే కదా అనుకుంటారు. తిరిగే మిషన్ దగ్గర అవే చేతిని లోపలికి లాగుతాయి. తొడుగులు వద్దు, కళ్లద్దాలు తప్పనిసరి.

టూలు కింద నుంచి వచ్చే ఇనుప చుట్టలు కత్తుల కంటే పదును, పైగా కాలుతుంటాయి. వాటిని చేత్తో లాగొద్దు. మిషన్ ఆపి, కొక్కెంతో గానీ బ్రష్షుతో గానీ తీయాలి. నునుపు కోసం గరుకు కాగితాన్ని తిరుగుతున్న షాఫ్టుకు చుట్టి పట్టుకునే అలవాటు కొందరిలో ఉంది. వేళ్లు పోయేది ఎక్కువగా అక్కడే. కొలత చూడాలన్నా, గేరు మార్చాలన్నా చక్కు పూర్తిగా ఆగేదాకా ఆగండి. అరచెయ్యి అడ్డుపెట్టి ఆపవద్దు.

నేర్చుకోవాలంటే ఐటీఐలో టర్నర్ ట్రేడు రెండేళ్లది ఉంది. అంత కుదరనివాళ్లు అనుభవం ఉన్న టర్నరు దగ్గర కొన్ని నెలలైనా నిలబడి చూడాలి. ఒంటరిగా, రాత్రి నిద్రమత్తులో నడపవద్దు. కంట్లో రజను పడితే నలపకుండా, కొంగు కొసతోనో పిన్నుతోనో తీయించుకోకుండా, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.